తాగనోనికి కాయిదం ఉండదు

మా గల్లీ ఆడవాళ్లు నన్ను ఎక్సైజ్ అని పిలిచేవాళ్లు. పటాన్‌చెరులో హైవేకి ఇవతల వరసగా పది కిరాయి గదులు, అందరికీ కలిపి ఒకటే నల్లా. సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి గల్లీ మలుపు తిరిగాడంటే చాలు, నల్లా దగ్గర నిలబడ్డ వాళ్లలో ఎవరో ఒకరు "ఎక్సైజూ, నీ బండొచ్చింది, పోయి చెకింగ్ చేస్కో" అని కేకేసేవాళ్లు. నేను బిందె పక్కన పెట్టి పోయేదాన్ని. ఆయన గడప బయటే చెప్పులు విడిచి, కొంచెం వంగి, నోరు తెరిచి "హా" అని ఊదేవాడు. నేను వాసన చూసేదాన్ని. అప్పుడుగానీ లోపలికి దారి ఉండేది కాదు.

ఇప్పుడు నవ్వులాటగా చెప్తున్నాను కానీ అది నవ్వులాటగా మొదలు కాలేదు. పెళ్లయిన కొత్తలో ఆయన బాగా తాగేవాడు. డ్రైవర్లలో తాగనివాడెవడో చూపించమని నాకే ఎదురు చెప్పేవాడు. ఒకనాడు తాగొచ్చి, ఆర్నెల్ల బిడ్డను ఎత్తుకుని గడప తన్నుకుని పడ్డాడు. బిడ్డకు ఏమీ కాలేదు. నేను మాత్రం ఆ బిడ్డను చంకనేసుకుని గుమ్మడిదల దిక్కు మా అమ్మగారింటికి బస్సెక్కాను. నెల రోజులు ఓర్చుకుని ఆయనే వచ్చాడు. బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇగ ముట్టనని ఒట్టేశాడు. ఒట్టును నేను నమ్మలేదు. నా ముక్కును నమ్ముకున్నాను. రోజూ గడప దగ్గర నోరు చూపిస్తేనే కాపురమని షరతు పెట్టాను. ఆయన ఆ షరతును మూడేళ్లు ఒక్కరోజు కూడా తప్పలేదు. ఒకసారి నాకు జలుబు చేసి వాసన తెలియకపోతే, పక్కింటి ముసలామెను పిలిచి ఆమెకు ఊది లోపలికొచ్చాడు. ఆమె వారం రోజులు ఆ సంగతి చెప్పుకుని నవ్వింది.

అంటే, మా ఆయన తాగలేదని ఈ లోకంలో అందరికంటే గట్టిగా తెలిసిన మనిషిని నేను. నేనే ఆయనను తాగుబోతును చేశాను. ఆ సంగతి రాస్తున్నాను.

తొంభైల చివర మాట. ఆయన ఒక కంపెనీలో డీసీఎం వ్యాను నడిపేవాడు. నేను ఇంకో కంపెనీలో, మందుబిళ్లల ప్యాకింగ్‌లో చేసేదాన్ని. మా బల్లలు, మిషన్లు స్పిరిట్‌తో తుడిచేవాళ్లు. సూది వేసే ముందు దూదితో రుద్దుతారే, అదే స్పిరిట్, అదే వాసన. ప్యాకింగ్‌లో ఉన్న ఆడవాళ్లందరం అందులోంచి ఇంత టానిక్ సీసాలో పోసుకుని, టిఫిన్ డబ్బా అడుగు గిన్నెలో పెట్టుకుని ఇంటికి తెచ్చేవాళ్లం. గ్రీజు మరకలు దానితో పోయినట్టు ఏ సబ్బుతోనూ పోవు. మా ఫ్యాక్టరీల బెల్టులో మగవాళ్ల ఖాకీ చొక్కాల మరకలన్నీ అట్లాగే పోయేవి. అది దొంగతనమని మాలో ఎవరికీ అనిపించలేదు. అయితే ఆ ఏడు ఎండాకాలంలో మా సెక్షన్‌లోనే ఒకామె గేటు దగ్గర సీసాతో దొరికింది. ఆ పూటే పనిలోంచి తీసేశారు. పోలీసులకు అప్పజెప్తామని బెదిరిస్తే ఆమె సెక్యూరిటీ గదిలో నేల మీద కూర్చుని ఏడ్చింది.

నేను వారం రోజులు మానుకుని మళ్లీ తెచ్చాను. ఎందుకంటే మా ఆయన ఒకరోజు అన్నం తింటూ "రోజూ డీజిల్ అన్నం తింటున్ననే" అన్నాడు. దారిలో బండి ఆగితే ఆయనే బాగు చేసుకోవాలి. చేతులకు అంటిన నూనె నీళ్లతో వదిలేది కాదు, ఆ చేతులతోనే సద్ది తినేవాడు. అప్పటినుంచి పాత లంగా గుడ్డ ఒకటి స్పిరిట్‌లో తడిపి, పాలిథీన్ కవర్లో చుట్టి, రోజూ ఆయన టిఫిన్ సంచిలో పెట్టేదాన్ని. తినే ముందు చేతులు తుడుచుకొమ్మని. ఆయన చేతులతో ఆగలేదు. మొహం, మెడ, ఛాతీ కూడా తుడుచుకునేవాడట. "ఏసీల కూసున్నట్టుంటదే" అని మురిసిపోయేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన ఖాళీ బండితో వస్తూ, లక్డారం మలుపుకు కొంచెం ఇవతల చెట్టు కింద బండి ఆపి అన్నం తిన్నాడు. తిన్నాక అలవాటు ప్రకారం మొహం, మెడ మళ్లీ తుడుచుకుని, చల్లగా ఉంటుందని ఆ తడి గుడ్డను చొక్కా లోపల వేసుకున్నాడు. మళ్లీ బండెక్కి పది నిమిషాలు కాలేదు. ఎదురుగా కంకర టిప్పర్లు దుమ్ము లేపుకుంటూ వస్తున్నాయి. ఆ దుమ్ములో టిప్పర్‌ను దాటేస్తూ ఒక మోటారు సైకిల్ సూటిగా ఈయన మీదికి వచ్చింది. ఈయన బ్రేకు కొట్టి స్టీరింగ్ పక్కకు తిప్పాడు. బండి మూల తగిలి ఆ మనిషి పడ్డాడు, కాలు విరిగింది. మా ఆయనే దిగి అతన్ని లేపబోయాడు. అప్పటికి జనం గుమిగూడారు. లేపడానికి వంగినవాళ్ల ముక్కులకు ఈయన చేతుల వాసన తగిలింది.

"తాగిండురా వీడు" అన్నారెవరో. ఇక ఎవరు ఎన్ని దెబ్బలు కొట్టారో లెక్కలేదు.

పోలీసులు ఆయనను సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. నాకు కబురు తెలిసి షిఫ్టు మధ్యలో ఉరికాను. వరండాలో డాక్టరు ఆయనను గీత మీద నడిచినట్టు నడవమంటున్నాడు. తన్నులు తిన్న మనిషి ఎట్లా నడుస్తాడు? తూలాడు. కళ్లలోకి చూశారు, ఎర్రగా ఉన్నాయి. దుమ్ముకు, ఏడుపుకు ఎర్రగా ఉండవా? దగ్గరికి వచ్చి వాసన చూశారు. తడిసిన చొక్కాలోంచి ఆ వాసన నాకు గుమ్మంలోకే వచ్చింది. అది మా బల్ల వాసన. మద్యం వాసన వస్తున్నదని, మనిషి తూలుతున్నాడని కాయితం రాశారు. నెత్తురు తీయలేదు. తీయాలని నాకు తెలియదు, ఆయనకు తెలియదు. తెలిసినవాళ్లు మాట్లాడలేదు.

ఆ సాయంత్రమే జమానతు మీద ఇంటికి వచ్చి, వాచిన పెదవులతోనే గడప బయట నిలబడి నోరు తెరిచాడు. నేను చూశాను. ఉల్లిగడ్డ, చింతపండు పులుసు వాసన. నేను పొద్దున పెట్టిందే. ఆయనను లోపలికి తీసుకుపోయి అడిగాను.

"గుడ్డేది?"

"కొడుతుంటెనే గుంజి మోరీల పారేసిన."

"ఎందుకు పారేసినవ్? అది సూపెడితే అయిపోతుండె గదా?"

"ఏడిదని అడిగితే ఏం చెప్పాలె? సరుకు వాసనందామంటె బండి ఖాళీగుండె. నీ పేరు చెప్పాలె గదా."

ఆయన దెబ్బలకు కాపడం పెట్టాను.

సంగారెడ్డి కోర్టులో కేసు పడింది. తాగి నడిపాడని ఒకటి, అజాగ్రత్తగా నడిపి కాలు విరగ్గొట్టాడని ఒకటి. మొదటి పేషీకి జడ్జి సెలవు. రెండో పేషీకి పోలీసుల కాయితాలు రాలేదు. మూడో పేషీకి వకీళ్లు పని బంద్ పెట్టారు. పేషీ పేషీకి ఇద్దరం పని ఎగ్గొట్టి, పొద్దున్నే బస్సెక్కి, సాయంత్రం దాకా వేపచెట్టు కింద కూర్చుని రావడం. అక్కడ కోర్టు పని చూసే కానిస్టేబులు ఒకాయన ఉండేవాడు. మంచివాడే. మా బెల్టు డ్రైవర్లందరికీ ఆయనే దిక్కు. లైసెన్సు మరిచిపోయినవాడికి, లోడు ఎక్కువైనవాడికి, అందరికీ ఆయన చెప్పేది ఒకటే మాట. మా మూడో పేషీ నాడు మాకూ అదే చెప్పాడు.

"ఎందుకమ్మా గిట్ల తిరుగుడు? తప్పైందని ఒప్పుకొమ్మను. ఫైనేస్తరు, కట్టి పోతరు. కొట్లాడితే మూడేండ్లు తిరగాలె. డ్రైవర్లందరు గట్లనే చేస్తరు."

అది నిజమే. మా గల్లీలోనే నలుగురు అట్లా చేసినవాళ్లున్నారు. చేసినా చేయకున్నా ఒప్పుకుని, గండం గడిచిందని చాయ్ తాగి ఇంటికి రావడం మా దగ్గర ఒక పద్ధతి. కోర్టును మేము టోల్ గేటు లాగా చూసేవాళ్లం. దాటితే చాలు.

మా ఆయనకు మాత్రం మనసొప్పలేదు. "నేను తాగనేలేదే. తాగిన్నని నా నోటితోటి ఎట్లనాలె?" అన్నాడు.

"తాగినప్పుడు తాగలేదని వందసార్లు అన్నవ్ గదా, ఇప్పుడు తాగకుండ ఒక్కసారి తాగిన్నని అను. పోయేదేముంది?" అన్నాను. అప్పుడు నేనట్లా మాట్లాడేదాన్ని. నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు.

పేషీలకు తిరగలేక ఒప్పుకొమ్మన్నానని అందరికీ చెప్పాను. చాలా ఏళ్లు నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను. అబద్ధం. కొట్లాడితే సాక్షులొస్తారు, డాక్టరొస్తాడు, ఆ వాసన ఎక్కడిదని అడుగుతారు. ఈయన ఒకరోజు కాకపోతే ఒకరోజు గుడ్డ సంగతి చెప్తాడు. నన్ను పిలుస్తారు. సెక్యూరిటీ గదిలో నేల మీద కూర్చుని ఏడ్చిన ఆమె నా కళ్లముందే ఉంది. నాకు భయమేసింది. నా భయానికి ఆయన నోరు అప్పు తీసుకున్నాను.

నాలుగో పేషీకి పేరు పిలిచారు. జడ్జి పెద్దమనిషి, తొందరపడలేదు. మీద ఉన్న రెండు నేరాలూ చదివి చెప్పారు. "ఒప్పుకుంటావా?" అని అడిగారు. "ఎవరైనా బెదిరించారా? ఏమైనా ఆశ చూపించారా? నువ్వు తాగలేదనుకుంటే చెప్పు, విచారణ జరుపుతాను. ఆలోచించుకో" అన్నారు. అంత నిదానంగా అంతకుముందు మమ్మల్ని ఏ ఆఫీసులోనూ ఎవరూ అడగలేదు.

ఆయన తల తిప్పి నా దిక్కు చూశాడు.

తలుపు పక్కన నిలబడి ఉన్నాను. ఆ చూపు ఎందుకో నాకు అర్థం కాకపోవడం కాదు. చెప్పేదుంటే నువ్వే చెప్పు, నేను చెప్పనని ఆ చూపు. ఒక్క అడుగు ముందుకు వేసి, అయ్యా ఆ వాసన నాది అంటే అయిపోయేది. నేను కళ్లు మూసి, ఊఁ అనమని తల ఆడించాను.

"ఎవలు బెదిరియ్యలే సార్. ఒప్పుకుంటున్న. తాగిన" అన్నాడు.

కోర్టు లేచేదాకా శిక్ష, ఫైను, ఏడాదిపాటు లైసెన్సు రద్దు. మొదటి రెండూ విని నేను ఊపిరి పీల్చుకున్నాను. మూడోది వినగానే కానిస్టేబులు వైపు చూశాను. ఆయన నాకంటే ముందే నేల చూపులు చూస్తున్నాడు. తాగి నడిపిన కేసులో లైసెన్సు పోతుందని ఆయనకు తట్టలేదో, మాకు చెప్పబుద్ధి కాలేదో తెలియదు. ఆ సాయంత్రం దాకా మా ఆయన కోర్టు హాల్లో వెనక బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను తెచ్చిన సద్ది విప్పలేదు. జడ్జి లేచి లోపలికి పోయాక కూడా, శిక్ష అయిపోయింది పొమ్మని ఎవరో చెప్పేదాకా లేవలేదు.

పదిహేను రోజులకు కంపెనీ వాళ్లు నౌకరి తీసేశారు. ట్రాన్స్‌పోర్టు చూసే ఆయన కోస్తా మనిషి, మా ఆయనంటే ఇష్టమే. "నేనేం చెయ్యనయ్యా, కేసు నడుస్తున్నా నిన్ను ఉంచుకునేవాణ్ణి. నువ్వే కోర్టులో ఒప్పుకున్నావు కదా" అని తీర్పు నకలు చూపించాడు.

అప్పుడు పోయాం వకీలు దగ్గరికి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. సంగారెడ్డిలో కోర్టు ఎదురుగా చిన్న గది. ఆయన కాయితాలన్నీ చదివి తల పట్టుకున్నాడు.

"నెత్తురు తియ్యలే, పరీక్ష చెయ్యలే. వాసనొచ్చినంత మాత్రాన తాగినట్టు కాదని పైకోర్టులు ఎన్నడో చెప్పినై. ఈ కేసు నిలబడకపోతుండె. ఎందుకు ఒప్పుకున్నరయ్యా?"

"ఇప్పుడు పైకోర్టుకు పోదాం సార్" అన్నాను నేను.

"ఒప్పుకున్నోనికి అప్పీలు ఉండదమ్మా. శిక్ష ఎక్కువైందని అడగొచ్చు. నేను తప్పు చెయ్యలేదని అడగరాదు. మీ నోటితోనే మీరు తలుపు మూసుకున్నరు." కాయితాలు మడిచి ఇస్తూ ఆయనే మళ్లీ అడిగాడు. "తాగకపోతే మరి ఆ వాసన ఏడికెళ్లొచ్చింది?"

మా ఆయన గచ్చు వైపు చూస్తున్నాడు. నేను, "తెల్వదు సార్" అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని, కుట్టింది చెప్పుకోలేను, ఏడవలేను. మెట్లు దిగుతుంటే ఆయన నాకంటే నాలుగు మెట్లు ముందు నడిచాడు. అంతకుముందు ఎప్పుడూ అట్లా నడవలేదు.

ఏడాది తర్వాత లైసెన్సు తిరిగొచ్చింది, పని రాలేదు. మా బెల్టులో డ్రైవరు పనికి పోతే ముందటి కంపెనీలో అడుగుతారు. "తాగి నడిపి కోర్టుల ఒప్పుకున్నోడు" అన్న మాట ఆయనకంటే ముందే అక్కడికి చేరేది. గోదాములో మూటలు మోశాడు. నడుము పడిపోయాక ఆ పనీ పోయింది. నేను ఏ నౌకరి కోసం నోరు మూసుకున్నానో ఆ కంపెనీకి కూడా రెండేళ్లలో తాళం పడింది. ఆ రోజు ఇంటికొచ్చి, తప్పు నాదేనని ఆయనతో చెప్పి ఉండవచ్చు. ఇక దాచేందుకు ఏమీ మిగల్లేదు, పోయేందుకు నౌకరి లేదు. అయినా చెప్పలేదు. అప్పటికి మా మధ్య ఆ మాట మీద ఎంత దుమ్ము పడిందంటే, ఎక్కడ మొదలుపెట్టి దులపాలో తెలియలేదు.

ఒక్కటి మాత్రం ఆయన మానలేదు. రోజూ సాయంత్రం గడప బయట చెప్పులు విడిచి, వంగి, నోరు తెరిచి నిలబడేవాడు. కోర్టు రోజు నుంచి నేను వాసన చూడటం మానేశాను. ఏ మొహం పెట్టుకుని చూడాలి? "ఇగ చాలు, లోపటికి రా" అనేదాన్ని. ఆయన విననట్టే, ఊది, ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, అప్పుడు లోపలికి వచ్చేవాడు. అట్లా ఏళ్లకు ఏళ్లు. గల్లీ ఆడవాళ్లు ఎక్సైజ్ అనడం ఎప్పుడో మానుకున్నారు. నల్లా దగ్గర నన్ను చూసి మాటలు తగ్గించేవాళ్లు. పిచ్చెక్కుతుందేమో అనిపించేది. ఆయన తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది. ఒకరోజు సాయంత్రం అట్లాగే నోరు తెరిచి నిలబడితే నాకు ఓపిక నశించింది. గడప మీద కూలబడి ఆయన కాళ్లు పట్టుకున్నాను.

"నీకు దండం పెడ్త, ఒక్కరోజన్న తాగి రావయ్యా. అందరు తాగుతున్నరు గదా, నువ్వు గూడ తాగు. తాగొచ్చి నన్ను తన్ను."

ఆయన నా చేతులు మెల్లగా విడిపించుకున్నాడు.

"తాగితే ఆ కాయిదం నిజమైతది" అన్నాడు.

రెండువేల సంవత్సరం దాటాక తెల్లాపూర్‌లో పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు లేస్తుంటే, ఆయన ఒక గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. కార్లు వస్తే గేటు తీయడం, పోతే వేయడం. నేను అక్కడే రెండిళ్లలో వంట పనికి కుదిరాను. ఆ దశాబ్దం చివరలో రోడ్డు భద్రత వారమని పటాన్‌చెరులో పోలీసులు హైవే పక్కన షామియానా వేశారు. పట్టపగలు, బ్యానర్లు, మైకు. తాగినవాళ్లను పట్టుకునే ఊదే మిషను కొత్తగా వచ్చింది, డ్రైవర్లను పిలిచి అది ఎట్లా పనిచేస్తుందో చూపిస్తున్నారు. మేమిద్దరం కూరగాయలు కొనుక్కుని ఆ పక్కనుంచే పోతున్నాం. ఆయన సంచీ నా చేతికిచ్చి లైనులో పోయి నిలబడ్డాడు.

ఆయన వంతు వచ్చింది. అలవాటైన మనిషి కదా, వంగి "హా" అనబోయాడు. కానిస్టేబులు పిల్లవాడు నవ్వి, గొట్టం నోట్లో పెట్టి ఊదమన్నాడు. ఊదాడు. మిషను కూతపెట్టి అన్నీ సున్నాలు చూపించింది. "జీరో. శభాష్ పెద్దమనిషీ" అన్నాడు ఆ పిల్లవాడు.

మా ఆయన కదల్లేదు. "సార్, జెర కాయిదం ఇస్తరా?"

"ఏం కాయిదం?"

"తాగలేదని. ముద్రేసి."

"తాగినోళ్లకే ఇస్తం కాకా కాయిదం. తాగనోళ్లకెందుకు? పో, ఎనక లైనున్నది."

ఆయన ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి నవ్వారు. వెనకవాళ్లు తోస్తే పక్కకు వచ్చాడు. సంచీ తీసుకుని నడిచాడు. ఆ రోజు నేను ఆయన వీపు చూసుకుంటూ నడిచాను. నాకు ఏడుపు ఆగలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు.

ఇంటికొచ్చాం. ఇద్దరం కలిసే వచ్చాం, అయినా ఆయన గడప బయట చెప్పులు విడిచి, వంగి నోరు తెరిచాడు. పదేళ్ల తర్వాత మొదటిసారి నేను దగ్గరికి పోయి వాసన చూశాను. చాయ్ వాసన, ఊదిన గొట్టం ప్లాస్టిక్ వాసన. అప్పుడు చెప్పాను, కోర్టులో తలుపు పక్కన నిలబడి మింగిన మాటంతా.

"ఆ వాసన నాదయ్యా. నేనే చెప్పాల్సింది. నా నౌకరి పోతదని భయపడ్డ. నిన్ను బలిపెట్టిన."

ఆయన నోరు మూసుకుని నిటారుగా నిలబడ్డాడు. కోపం లేదు మొహంలో. ఉన్నా బాగుండేది.

"నాకెరుకున్నదే నాకు చెప్తవేందే?" అన్నాడు. "ఆ సారు అడిగిననాడు చెప్పాల్సింది."

కాళ్లు కడుక్కుని వచ్చి, అన్నం పెట్టమన్నాడు. పెట్టాను. మరుసటి రోజు సాయంత్రం నేను గడప దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆయన చెప్పులు విడిచి, నోరు తెరవకుండానే నన్ను దాటుకుని లోపలికి పోయాడు.